వీలునామా రాశాక అసెంబ్లీ వైపు కూడా చూడాలి

వీలునామా రాసిన రోజుకూ, అది బీరువాలోంచి బయటికొచ్చే రోజుకూ మధ్య ఒక్కోసారి పాతికేళ్లు గడిచిపోతాయి. ఈలోగా కొడుకు అమెరికాలో స్థిరపడతాడు, కూతురు తల్లిని తన దగ్గరికి తీసుకెళుతుంది, మూడెకరాల మెట్ట పక్కన బైపాస్ రోడ్డు పడుతుంది. ఇంట్లో వచ్చిన మార్పుల గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. చట్టం మారిన సంగతి మాత్రం చాలా కుటుంబాలకు తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కాకే తెలుస్తుంది. వీలునామా రాయండి అని హితవు చెప్పేవాళ్లకు కొదవలేదు. కానీ రాయడంతో సగం పనే అయినట్టు. భూమి మీద, వారసత్వం మీద రాష్ట్ర శాసనసభ తెచ్చే బిల్లులు ఆ కాగితాన్ని ఎక్కడో ఒకచోట తాకుతాయి. వాటిని బిల్లు దశలోనే పట్టించుకునే అలవాటు మనకు లేదు.

ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన వారసత్వ సవరణనే తీసుకోండి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఉంటుందని ఆ చట్టం చెప్పింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు అది వర్తించింది. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అదే బాట పట్టాయి. మనకన్నా 20 ఏళ్లు ఆలస్యంగా, 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం పెళ్లితో నిమిత్తం లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న మీమాంసను సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న తేల్చేసింది. అక్కర్లేదు, ఆ హక్కు పుట్టుకతో వచ్చిందేనని చెప్పింది.

ఇప్పుడు పాత వీలునామాలు తీసి చూడండి. ‘నా పిత్రార్జిత ఆస్తి యావత్తూ నా కుమారునికే చెందవలెను’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను మాత్రమే తండ్రి వీలునామా ద్వారా ఇవ్వగలడు. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉంటే తండ్రితో కలిపి నలుగురూ సమాన వాటాదారులు. ఎనిమిదెకరాల్లో ఆయన రాసివ్వగలిగింది రెండెకరాలే. మిగతా ఆరెకరాల గురించి ఎంత చక్కటి భాషలో రాసినా, ఎంత పెద్ద మనుషుల చేత సాక్షి సంతకాలు పెట్టించినా అది చెల్లదు. స్వార్జితమైతే ఈ పరిమితి లేదు. కానీ ‘స్వార్జితం’ అన్న మాట ఒక్కటే చాలదు. ఏ ఆదాయంతో, ఏ సంవత్సరంలో, ఏ నంబరు దస్తావేజుతో కొన్నారో వీలునామాలోనే చెప్పి ఉంటే రేపు కోర్టులో సగం వాదన తప్పుతుంది. ముస్లింల లెక్క వేరు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి ఇవ్వాలంటే వారసుల సమ్మతి కావాలి.

రాష్ట్రాలకు ఇంత చొరవ ఎలా వచ్చింది? వీలునామాలు, వారసత్వం, ఉమ్మడి కుటుంబ పంపకాలు, ట్రస్టులు రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కేంద్ర చట్టం ఉన్నా రాష్ట్రపతి ఆమోదముద్ర వేయించుకుంటే రాష్ట్రం తన సవరణ తాను తెచ్చుకోవచ్చు. భూమి, భూమి రికార్డులు పూర్తిగా రాష్ట్ర జాబితాలోవి. దస్తావేజుల మీద స్టాంపు సుంకం రేటు నిర్ణయించేది కూడా చాలామటుకు రాష్ట్రమే. అంటే మీ వీలునామా చెల్లుబాటును 1925 నాటి భారత వారసత్వ చట్టం చూసుకుంటుంది. అది చేతికొచ్చాక పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కాలంటే మాత్రం అమరావతిలోనో హైదరాబాద్‌లోనో చేసిన చట్టం దారివ్వాలి.

ఆ దారి ఎంత తొందరగా మారిపోతుందో గత ఐదారేళ్లు చూపించాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. వారసులంతా ఒక్కమాట మీద ఉండి ఒప్పందం రాసిస్తే స్లాటు తీసుకుని విరాసత్, అంటే వారసుల పేరు మార్పిడి, చేయించుకునే వీలుండేది. ఒక్కరు అడ్డం తిరిగినా సివిల్ కోర్టే దిక్కయ్యేది. రెవెన్యూలో అప్పీలుకు చోటే లేకుండా పోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం దాని స్థానంలో భూభారతి చట్టం తెచ్చింది. 2024 డిసెంబరులో శాసనసభ ఆమోదం, 2025 ఏప్రిల్ 14 నుంచి అమలు. వారసత్వం మీదో వీలునామా మీదో దరఖాస్తు వస్తే తహసీల్దారు కుటుంబ సభ్యులకు నోటీసులిచ్చి విచారణ జరిపి 30 రోజుల్లో తేల్చాలని ఇందులో ఉంది. ఆ ఉత్తర్వు మీద ఆర్డీవోకు, అక్కడినుంచి కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. తండ్రి వీలునామా ఒకటే, పొలం ఒకటే. ఆయన 2022లో పోతే ఒక దారి, 2026లో పోతే మరో దారి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా పెద్ద కథ నడిచింది. భూ యాజమాన్య హక్కుల చట్టం బిల్లు 2019లోనే శాసనసభకు వచ్చింది. కేంద్రం అభ్యంతరాలతో మళ్లీ మళ్లీ తిరగరాసి, 2022లో ఆమోదించి, చివరికి 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. టైటిల్ రిజిస్టరింగ్ అధికారి నమోదు చేసిన పేరుకు రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే తిరుగులేని హక్కని ఆ చట్టం చెప్పింది. వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేశారు. వారసత్వ వివాదాలు కూడా అధికారుల ముందే తేలాలన్నమాట. న్యాయవాదులు వారాల తరబడి విధులు బహిష్కరించాక గానీ ఊళ్లలో దీని మీద చర్చ మొదలు కాలేదు. అప్పటికే అది గెజిట్‌లో అచ్చయిన చట్టం. 2024 ఎన్నికల్లో అదే పెద్ద అంశమైంది, కొత్త ప్రభుత్వం ఆ జులైలోనే శాసనసభలో రద్దు బిల్లు ఆమోదింపజేసింది. చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదన ఒకటి. నాలుగేళ్ల పాటు బిల్లు రూపంలో తిరిగినదాన్ని ఎన్నికల ఏడాది వరకు సామాన్యుడు చదవకపోవడం మరొకటి. నాకు రెండోదే ఎక్కువ బాధ కలిగించింది.

ఆ చట్టం పోయినా రీసర్వే ఆగలేదు. దీని ప్రభావం వీలునామాల మీద ఇంకా చాలామంది గ్రహించినట్టు లేదు. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. పది పన్నెండేళ్ల కిందట రాసిన వీలునామా షెడ్యూలు ఎలా ఉంటుంది? సర్వే నంబరు 112/2, విస్తీర్ణం యకరం 1-35 సెంట్లు, తూర్పు డొంక, పడమర ఫలానా వారి చెరకు తోట, దక్షిణం పంట బోదె, ఉత్తరం మన పొలమే. ఇప్పుడు రెవెన్యూ రికార్డుల వెబ్‌ల్యాండ్‌లో 112/2 అన్నది లేదు. డొంక తారురోడ్డయింది, చెరకు తోట చేతులు మారింది, విస్తీర్ణం నాలుగు సెంట్లు తగ్గింది. కొన్నిచోట్ల అన్నదమ్ముల భూములన్నీ కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం కింద చూపించారు. వీలునామా రాసిన మనిషి బతికుండగా అయితే ఒక చిన్న అనుబంధ పత్రం రాసి, మళ్లీ ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిస్తే సరిపోయే పని ఇది. ఆయన పోయాక అదే పని సర్వేయరు, తహసీల్దారు, కోర్టు మధ్య ఏళ్ల తరబడి నడుస్తుంది. రీసర్వే జరిగిన ఊళ్లో భూమి ఉన్నవాళ్లు ఈ వారమే తమ షెడ్యూలు తీసి కొత్త ఎల్‌పీఎంతో సరిచూసుకోవాలి.

సాక్షుల మాట వచ్చింది కనుక కాసేపు అక్కడ ఆగాలి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్టరు చేసిన పాత వీలునామాను, తరవాత రాసిన రిజిస్టరు కాని వీలునామా రద్దు చేయగలదు. చట్టం గట్టిగా పట్టుబట్టేది ఒకే దగ్గర. ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోట వినాలి. ఆయన సమక్షంలో వాళ్లూ సంతకం చేయాలి. కోర్టులో కనీసం ఒక సాక్షి వచ్చి ఈ సంగతి చెప్పాలి. క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా సాగుతుంది:

‘పెద్దాయన సంతకం పెట్టినప్పుడు మీరెక్కడున్నారు?’

‘వాళ్లింట్లోనేనండి.’

‘ఇంట్లో ఎక్కడ?’

‘వరండాలో. లోపల డాక్టరుగారున్నారని కూర్చోమన్నారు.’

‘మరి మీ సంతకం?’

‘వాళ్లబ్బాయి కాగితం తెచ్చి ఇక్కడ పెట్టమన్నాడండి.’

ఆ మూడు జవాబులతో ఇల్లూ పొలమూ మళ్లీ మామూలు వారసత్వం కిందికి వెళ్లిపోతాయి. 1958 నాటి వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఒకటే. వీలునామా చుట్టూ అనుమానాలుంటే వాటిని తొలగించే బాధ్యత దాన్ని తెచ్చినవాడిదే. లాభపడే కొడుకే రాయించడం, భార్యకు చిల్లిగవ్వ ఇవ్వకుండా కారణం కూడా చెప్పకపోవడం, ఆస్పత్రి మంచం మీద వేలిముద్ర, ఇలాంటివన్నీ అనుమానాల కిందికే వస్తాయి. సాక్షులుగా తమకంటే చిన్నవాళ్లను, ఆస్తితో ఏ సంబంధం లేనివాళ్లను పెట్టుకోవాలి. మనవాళ్లు గౌరవం కొద్దీ ఊళ్లోకెల్లా పెద్దవాళ్లను పిలుస్తారు. కేసు నాటికి వాళ్లుండరు.

ఈ బెడదంతా ఎందుకని బతికుండగానే సెటిల్‌మెంట్ దస్తావేజు రాసిచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అసలు ప్రమాదం అక్కడుంది. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ రిజిస్టరయిన రోజే ఆస్తి చేయి దాటిపోతుంది, ఒంటరిగా వెళ్లి రద్దు చేసుకోవడం కుదరదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఒక రక్షణ ఇచ్చింది. పోషిస్తామన్న షరతు మీద తీసుకుని పోషించకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. కానీ ఆ షరతు ఉన్నట్టు చూపించాలని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదివి తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. ఆమె దగ్గర కొడుకు రాసిచ్చిన వేరే వాగ్దాన పత్రం ఉంది, అది గుర్తుంచుకోవాలి. దస్తావేజులో ‘తిండి, వైద్యం, నివాసం చూసుకోవాలి’ అన్న వాక్యం ఒకటి, ‘నా జీవితాంతం అనుభవించే హక్కు నాదే’ అన్న వాక్యం ఒకటి చేర్చడానికి లేఖరికి రెండు నిమిషాలు పట్టదు. పిల్లల ముందు ఆ మాట అనడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. అడగాల్సింది సబ్ రిజిస్ట్రార్. దస్తావేజు ఇచ్చేది వృద్ధులైతే ఈ షరతు కావాలా వద్దా అని అడిగి తీరాలని రాష్ట్రాలు నిబంధన పెట్టొచ్చు.

తల్లిదండ్రుల్ని పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కోత వేసి పెద్దవాళ్ల ఖాతాలో జమచేసే చట్టం తెస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 అక్టోబరులో కొత్తగా ఎంపికైన గ్రూప్-2 ఉద్యోగుల ముందు ప్రకటించారు. అస్సాం 2017లోనే ఇలాంటి చట్టం చేసింది. ప్రకటన వెలువడ్డ రోజునే జీతాలు కట్ అయిపోతున్నట్టు వాట్సాప్‌లో ప్రచారం జరిగింది. ప్రకటన వేరు, బిల్లు వేరు, గవర్నరు సంతకమయ్యాక వచ్చే చట్టం వేరు, దాన్ని నడిపించే నిబంధనలు వేరు. ఈ నాలుగింటినీ కలిపేసుకుని హడావుడిగా ఆస్తి రాసిచ్చేవాళ్లున్నారు, రాయకుండా ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. అదే 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, యజమాని చనిపోయాక వారసులు చేసుకునే వ్యవసాయ భూముల భాగపంపకాలకు స్టాంపు సుంకాన్ని ఆస్తి విలువ 10 లక్షల లోపైతే 100 రూపాయలు, దాటితే 1,000 రూపాయలుగా నిర్ణయించింది. ఖర్చు భయంతో తొందరపడి బతికుండగానే రాసివ్వాలనుకున్న కుటుంబం, ఈ ఒక్క ఉత్తర్వు చదివితే మళ్లీ ఆలోచించుకునేది.

స్త్రీల వీలునామాల సంగతి ఇంకా అత్యవసరం. హిందూ స్త్రీ వీలునామా లేకుండా, భర్తా పిల్లలూ లేకుండా పోతే, ఆమె సొంత సంపాదన కూడా ముందు భర్త తరఫు వారసులకే వెళుతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తరవాతే. 2009లో ఓంప్రకాశ్ కేసులో, చిన్నతనంలోనే అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన వితంతువు కూడబెట్టుకున్న సొమ్ము వాళ్ల వైపుకే పోయింది. చట్టం అలా ఉందని సుప్రీంకోర్టు చేతులెత్తేసింది. 2025 నవంబరులో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆర్. మహదేవన్ ధర్మాసనం స్త్రీలందరూ, ముఖ్యంగా హిందూ స్త్రీలు వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. కోర్టు విజ్ఞప్తి దగ్గరే ఆగనక్కర్లేదు. వారసత్వం ఉమ్మడి జాబితాలోదే కదా, 1985లో దేశానికి దారి చూపిన రాష్ట్రాలు హిందూ వారసత్వ చట్టంలోని ఈ 15వ సెక్షను మీద కూడా సవరణ తేవచ్చు. ఆ పని మీద రెండు శాసనసభల్లో ఒక్క ప్రైవేటు బిల్లయినా చర్చకు రావాలి.

నామినీ విషయంలో భ్రమ ఒకటి వదిలించుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. కానీ నామినీ సొమ్ము తీసుకునేవాడే తప్ప సాధారణంగా సొంతదారు కాడు. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ట్రస్టు దగ్గరికొస్తే, అమెరికా బంధువుల మాట విని ఇక్కడ కూడా ‘ఫ్యామిలీ ట్రస్టు’ పెట్టేద్దామనే ఉత్సాహం నగరాల్లో పెరుగుతోంది. అక్కడ ట్రస్టు పెట్టడానికి ఉన్న రెండు పెద్ద కారణాలు ఎస్టేట్ ట్యాక్స్, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ). మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నిబంధన మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకే తప్ప మన జిల్లాలకు వర్తించలేదు, దాన్ని కూడా పార్లమెంటు 2025 డిసెంబరులో ఎత్తేసింది. కాబట్టి ఒక ఇల్లూ, కాస్త పొలమూ, ఇద్దరు బుద్ధిమంతులైన పిల్లలూ ఉన్న కుటుంబానికి ట్రస్టు అక్కర్లేదు. అనవసరపు ఖర్చు. స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి, సుంకం కట్టాలి. ఎవరికెంత ఇవ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలేసిన ట్రస్టుల ఆదాయం మీద సాధారణంగా గరిష్ఠ రేటు పన్ను పడుతుంది. పట్టా ట్రస్టు పేరుకు మారాక రైతు పథకాల సొమ్ము వస్తుందా అన్నది కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

కానీ ట్రస్టు తప్పనిసరైన ఇళ్లున్నాయి. ముప్ఫై ఏళ్లొచ్చినా తన లెక్క తాను చూసుకోలేని బిడ్డ ఉన్న ఇల్లు అలాంటిది. వీలునామాలో ఆ బిడ్డ పేర ఆస్తి రాసిస్తే సంతకం పెట్టేదెవరు? అద్దె వసూలు చేసేదెవరు? అన్న చూసుకుంటాడులే అనుకుంటారు, అన్నకూ సంసారం ఉంటుంది. వీలునామాలోనే ట్రస్టు ఏర్పాటు చేసి, ఇద్దరు ట్రస్టీలను పెట్టి, నెలకు ఇంత తిండికి, ఇంత మందులకు, పనిమనిషికి ఇంత అని రాయవచ్చు. ఒక ట్రస్టీ పోతే ఎవరు రావాలో, బిడ్డ తదనంతరం ఆస్తి ఎవరికి వెళ్లాలో కూడా చెప్పవచ్చు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలున్నవాళ్లకు 18 ఏళ్లు దాటాక కూడా చట్టబద్ధ సంరక్షకుణ్ని 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీ నియమిస్తుంది. ఆస్తికి ట్రస్టీ, మనిషికి సంరక్షకుడు, రెండూ కావాలి. తల్లిదండ్రులు బతికుండగానే ఈ రెండూ నడిచేలా చూసుకుంటే లోపాలు వాళ్ల కళ్ల ముందే బయటపడతాయి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. అక్కడ లాయరు రాసే వీలునామాలో ‘ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు’ అన్న వాక్యం అలవాటుగా ఉంటుంది. గుంటూరు ఇంటి కోసం ఇక్కడ రాసిన వీలునామా ఆ ఒక్క వాక్యంతో ఎగిరిపోవచ్చు. భారత ఆస్తులకు మాత్రమే వర్తించే వేరే వీలునామా రాసుకుని, రెంటిలోనూ ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అక్కడ కూడా ట్రస్టు చట్టాలు రాష్ట్రాలవే. న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు ఇల్లు మారితే పత్రాలు మళ్లీ లాయరుకు చూపించుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 ఆగస్టులో కొత్త భూచట్టం ముసాయిదాను వెబ్‌సైటులో పెట్టి మూడు వారాల పాటు ప్రజల అభిప్రాయాలు అడిగింది. రెండు రాష్ట్రాల్లో ఆస్తుల మీద వచ్చే ప్రతి బిల్లుకూ ఇదే పద్ధతి ఉండాలి. ముసాయిదా తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో, సభలో పెట్టడానికి కనీసం నెల ముందు గ్రామ సచివాలయాలకూ పంచాయతీలకూ చేరాలి. ఇప్పటికే రాసి ఉన్న వీలునామాలు, సెటిల్‌మెంట్లు, ట్రస్టుల సంగతేమిటో ప్రతి బిల్లులోనూ ఒక క్లాజు విడిగా చెప్పాలి. వచ్చే శాసనసభ సమావేశాల్లోపే ఈ రెండు మార్పులకూ ఉభయ ప్రభుత్వాలు ఉత్తర్వులివ్వాలి.